మూడో పిలుపు

హామిల్టన్,
ఏప్రిల్ 16

చి. హారికకు,

అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ, నీ కొడుకు సృజనూ, నువ్వు ఏడాది కాంట్రాక్టు మీద చాతమ్ దీవులకు వెళ్తూ నాకు అప్పగించిన కరివేపాకు మొక్కా, ముగ్గురం క్షేమం. ముగ్గురిలో చెప్పిన మాట వినేది మొక్క ఒక్కటే. అక్కడ నీ ఆసుపత్రి డ్యూటీలూ, మనిషిని పక్కకు తోసేసే ఆ సముద్రపు గాలీ, వారంలో అయిదు రోజులు చేపలే అయిన నీ భోజనమూ సవ్యంగా సాగుతున్నాయని తలుస్తాను.

నీ ఉత్తరంలో రెండు తప్పులున్నాయి. కాకినాడ కాలేజీలో ముప్పై ఒక్క ఏళ్ళు ఫిజిక్సు పేపర్లు దిద్దిన చెయ్యి ఇది, ఊరుకోదు. "వాడు తుపాకీ పట్టుకుని జింకల వెంట తిరుగుతుంటే నువ్వు కుర్చీ వేసుకుని వేడుక చూస్తున్నావా" అని రాశావు. తుపాకీ కాదు, విల్లు. తుపాకీవాడు మూడు వందల మీటర్ల దూరంలో పడుకుని పేలుస్తాడు. విల్లువాడు ఇరవై మీటర్ల లోపలికి వెళ్ళాలి, జింక చెవి మీద వాలిన ఈగ కనబడేంత దగ్గరికి. ఇక నేను వేడుక చూసిందీ లేదు. అడవి అంచు నుంచి నాలుగు వందల మీటర్ల అవతల, పొలం గేటు పక్కన కూర్చున్నాను. ఇది మొదటి తప్పు. రెండోది చివర దిద్దుతాను. దానికి ఎర్ర సిరా ఒక్కటే చాలదు.

ఫోన్ చేయొచ్చుగా అంటావు. పక్క గదిలో నీ కొడుకు ఉన్నాడు. తెలుగులో ఒక్క వాక్యం పూర్తి చేయలేడు గానీ, చాటుగా వినే తెలుగు మాత్రం వాడికి అక్షరం పొల్లుపోకుండా అర్థమవుతుంది. పైగా నువ్వు ఫోన్లో నన్ను మాట పూర్తి చేయనివ్వవు. ఉత్తరమైతే మధ్యలో అడ్డు రాలేవు.

"ఈ పిచ్చి వాడికి ఎవరు ఎక్కించారు?" అని అడిగావు. ఎక్కించింది యూనివర్సిటీ స్నేహితులు. ఎక్కిన పిచ్చికి పద్ధతి నేర్పింది నేను. మూడేళ్ళుగా వాడు శనివారం చీకటితో వెళ్ళడం, తడిసిన సాక్సులతో ఖాళీ చేతుల్తో రావడం, "దే స్మెల్డ్ మీ అమ్మమ్మా, దే ఆల్వేస్ స్మెల్ మీ" అనడం. మూడేళ్ళు ఒకే ప్రయోగం ఒకేలా చేసి, ఫలితం మారలేదని ఏడ్చే విద్యార్థిని చూస్తే నాకు ఒళ్ళు మంట. ఒకరోజు కూర్చోబెట్టి అడిగాను, నీ వేట బట్టలు ఎక్కడ ఆరేస్తున్నావురా అని. లాండ్రీలోనట. లాండ్రీ ఎక్కడుంది? వంటింటి పక్కన. వంటింట్లో నేను ఏం చేస్తున్నాను? ఇంగువ పోపు.

"ఒరేయ్, నువ్వు అడవిలోకి నడవడం లేదు. పులిహోర నడుస్తోంది" అన్నాను.

ఆనాటి నుంచీ వాడి బట్టలు వాసన లేని సబ్బుతో ఉతికి, పెరట్లో రెండు రోజులు గాలికి వేలాడదీసి, ఫెర్న్ ఆకులతో కలిపి మూత పెట్టెలో పెట్టడం మొదలైంది. వెళ్ళే ముందు రెండు రోజులు ఇంట్లో పోపు బంద్, అగరొత్తులు బంద్, వాడి తలకు నూనె బంద్. నేను గేటు దాకా తోడు వెళ్ళేదాన్ని కాబట్టి నాకు కాఫీ కూడా బంద్. ఆ త్యాగం గురించి నీ ఉత్తరంలో ఒక్క మాట లేదు, గమనించాను.

తరువాత గాలి. జింకకు కన్ను మోసపోవచ్చు, చెవి పొరబడొచ్చు, ముక్కు మాత్రం పొరబడదు. గాలి ఎప్పుడూ జింక వైపు నుంచి మన వైపుకి రావాలి. పొద్దున చల్లగాలి లోయలోకి జారుతుంది, ఎండెక్కాక పైకి లేస్తుంది. ఇది తొమ్మిదో తరగతి పాఠం. చూపించడానికి ఏదైనా కావాలి కదా, పూజ గదిలోని విభూతిని ఖాళీ చుక్కల మందు సీసాలో పోసి ఇచ్చాను. నొక్కితే బూడిద చిన్న మబ్బులా లేచి గాలి ఎటుపోతే అటు పోతుంది.

"ఈజ్ దట్ ఓకే అమ్మమ్మా? గాడ్ ఏమీ అనుకోడా?"

"అనుకోడు. ఆయనా ఒకప్పుడు అర్జునుడి కోసం వేటగాడి వేషం వేసినవాడే."

ఇక వాడి గురి. అది ఇంటి దగ్గరే పనిచేసేది. చదునైన పచ్చిక మీద, టీషర్టు వేసుకుని, తీరుబడిగా నిలబడి వేస్తే ప్రతి బాణమూ మధ్యలోనే దిగేది. "అడవిలో నీ కోసం ఎవరైనా పచ్చిక కోసి పెట్టారా?" అన్నాను. తడి కోటుతో, మోకాళ్ళ మీద, మెట్ల మీంచి కిందికి, ఊపిరి ఎగపోసేలా వీధి చివరిదాకా పరుగెత్తి వచ్చి వేయించాను. ఇరవై మీటర్లు దాటితే వేయనని ఒట్టు పెట్టించాను. జింక తల చెట్టు చాటుకు వెళ్ళినప్పుడే విల్లు లాగాలి, పక్కకు తిరిగి నిలబడినప్పుడే వదలాలి, వదిలాక అరగంట కూర్చున్న చోటే కూర్చోవాలి. వెంటనే వెంటపడితే గాయపడిన జీవి కొండలు దాటిపోతుంది, ఎవరికీ దక్కకుండా చస్తుంది.

చివరికి చప్పుడు. సృజన్ నడుస్తుంటే టిక్కు టిక్కుమని ఏదో వినబడేది. వెతికితే వాడి వీపు సంచి పట్టీకి దారంతో వేలాడే నారింజ రంగు ఈల. నువ్వు చాతమ్ వెళ్ళే ముందు నీ చేత్తో కట్టినది. బకిల్‌కి తగిలి చప్పుడు చేస్తోంది. నేనే కత్తెర తెచ్చి కోశాను. కోసి వంటింటి సొరుగులో పడేశాను. ఈ వాక్యం గుర్తుంచుకో.

"జింకను చంపడానికి చేతులెలా వస్తాయి" అన్నావు. తే కూటీ అనే ఊరు దాటాక ట్రెవర్ అనే డెబ్బై ఏళ్ళ రైతు ఉన్నాడు. ఆయన పొలం చివర అడవి. జింకలు ఆయన ఆవుల మేత మేసిపోతున్నాయని వాణ్ణి రమ్మన్నది ఆయనే. మొదటిసారి వెళ్ళినప్పుడే ఆయన రెండు ముక్కలు చెప్పాడు. ఒకటి, "నేలను నమ్మొద్దు, మిసెస్ మంగా. కింద అంతా సున్నపురాయి. టోమోలు ఉంటాయి." టోమో అంటే నిలువు గుంట. మూతి మీద ఫెర్న్ కప్పుకుని ఉంటుంది, అడుగు ఎక్కడో కనబడదు. ఆయన దూడ ఒకటి అందులో పడితే రెండు రోజులు దాని అరుపు నేల లోపల్నుంచి వినబడిందట.

రెండోది జింకల గురించి. మార్చి ఆఖరు నుంచి ఏప్రిల్ సగం దాకా మగ జింకలు జత కోసం అరుస్తాయి. సగం ఎద్దు, సగం తుప్పు పట్టిన తలుపు అనుకో, ఆ అరుపు. వేటగాడు గొట్టంలో నోరు పెట్టి అదే అరుపు అరుస్తాడు. అడవిలో జింక మరో మగవాడు వచ్చాడనుకుని జవాబు చెప్తుంది, జవాబు చెప్తూ చెప్తూ దగ్గరికి వస్తుంది. మన వాక్యూమ్ క్లీనర్ గొట్టం ఏమైందని నన్ను అడిగావు కదా, అదే అయింది. సృజన్ అరుపు బాగానే ఉంటుంది గానీ చివర చిన్న దగ్గు వస్తుంది, చిన్నప్పటి ఉబ్బసం తాలూకు దగ్గు. అది విని ట్రెవర్ నవ్వి, "ఫరవాలేదు, దగ్గే జింకలూ ఉంటాయి" అన్నాడు. అని, గేటు మీద చేతులు ఆనించి, "పలికిన జింకే దొరుకుతుంది. పలకని జింక ముసలిదై చస్తుంది" అన్నాడు. ఊరికే వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు.

ఇక ఆ శనివారం. నీకు తెలిసిన కథ నీ కొడుకు చెప్పినదే కాబట్టి ముందు అదే రాస్తాను.

తెల్లవారేసరికి చేరాం. కారు ఒక కిలోమీటరు వెనక, ట్రెవర్ షెడ్డు దగ్గరే ఆపాం. పెట్రోలు వాసన రాకూడదని, అదీ నా సలహాయే. విభూతి నొక్కితే అడవి వైపు నుంచి గేటు వైపుకి మెల్లగా వచ్చింది. గాలి వాడి నుంచి నాకు. వాడు లోపలికి వెళ్ళాడు. తొమ్మిదికి పది నిమిషాల ముందు, వాడి అరుపుకు జవాబు చెప్తూ ఒక పెద్ద మగ జింక పద్దెనిమిది మీటర్ల దగ్గరికి వచ్చింది. నేర్పిన ప్రకారం వేశాడు. బాణం దిగింది. అరగంట కూర్చున్నాడు. కూర్చున్న చోటు గుర్తుగా గొట్టాన్ని కొమ్మకు తగిలించి, రక్తపు చుక్కలు చూసుకుంటూ తల వంచుకుని బయల్దేరాడు. తల ఎత్తేసరికి పొగమంచు. తన చెయ్యి తనకు కనబడలేదట. వెనక్కి తిరిగితే వచ్చిన దారి లేదు. అప్పుడు పిలిచాడు.

"ఐ కాల్డ్ యూ ట్వైస్ అమ్మమ్మా. ఫస్ట్ టైమ్ నథింగ్. సెకండ్ టైమ్ నువ్వు ఆన్సర్ చేశావ్. చాలా క్లోజ్‌గా. 'ఆఁ, ఇక్కడే ఉన్నా, కూర్చో నాన్నా, కదలకు' అన్నావ్. కూర్చున్నా. లేవబోతే మళ్ళీ 'కూర్చో' అన్నావ్. త్రీ అవర్స్ అలా మాట్లాడుతూనే ఉన్నావ్. నీ వాయిస్ సాఫ్ట్‌గా ఉంది, జలుబు చేసినట్టు."

మంచు విడిపోయాక చూస్తే వాడికి మూడడుగుల ముందు టోమో. ఫెర్న్ కొద్దిగా విరిగి, లోపల నల్లగా. గాయపడిన జింక అందులో పడి అడుగున చచ్చి ఉంది, తల పైకి తిరిగి. రక్తపు చుక్కల వెంట మరో మూడు అడుగులు వేసి ఉంటే ఏమయ్యేదో నర్సువి నీకు నేను చెప్పనక్కర్లేదు.

మధ్యాహ్నం రెండింటికి గేటు దగ్గరికి వచ్చాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. నన్ను కావలించుకుని "థాంక్స్ అమ్మమ్మా, థాంక్స్ ఫర్ టాకింగ్ టు మీ" అన్నాడు. నేను "ముందు సాక్సులు మార్చుకో" అన్నాను.

మర్నాడు ట్రెవర్ తాడు తీసుకుని వాడితో వెళ్ళి ఆ గుంట చుట్టూ కంచె కట్టి వచ్చాడు. గుంటకు అవతలి పక్క, వాడు కూర్చున్న చోటుకు ఎదురుగా, ఫెర్న్ గుండ్రంగా నలిగి ఉందట. ఎవరో చాలాసేపు గొంతుక్కూర్చున్నట్టు. ఆడ జింక పడుకుని ఉంటుందని ట్రెవర్ అన్నాడు. అన్నాక ఆయన దారి పొడుగునా వెనక్కి తిరిగి చూసుకుంటూనే వచ్చాడని సృజనే చెప్పాడు.

"సంచిలో బీకన్ ఉందిగా, ఎందుకు నొక్కలేదు? నొక్కితే హెలికాప్టర్ వచ్చేదిగా" అని నువ్వు మూడు గీతలు గీసి అడిగావు. నేనూ అడిగాను. "నువ్వు పలుకుతున్నావుగా అమ్మమ్మా, ఇంక బీకన్ ఎందుకు" అన్నాడు. పైగా ఈ నెలాఖరు శనివారం మళ్ళీ అదే లోయకు వెళ్తాడట. బీకన్ బ్యాటరీ గడువు అయిపోయింది, మార్చాలి కదా అంటే, "వై? ఐ హావ్ యూ" అంటున్నాడు. ఆ మాట వాడు నవ్వుతూ అన్నాడు.

వాడు ఈ కథను మన తెలుగువాళ్ళందరికీ చెప్పాడు. భాగ్యమ్మ తెలుసుగా, మనురేవా నుంచి ఇక్కడికి మారిన కరీంనగర్ ఆవిడ. గుమ్మంలోకి వస్తూనే నా రెండు చేతులూ పట్టుకుంది. "మంగక్కా, ఏం గొంతక్కా నీది! మా పోరడు పక్క రూమ్ల ఉండి గూడ నేను పిలిస్తె పలుకడు. నువ్వు గేటు కాడ కూసొని చెప్తె నీ మనుమడు మంచుల మూడు గంటలు కూసున్నడంటె మాటలా! వచ్చే నెల వనభోజనాలల్ల నీకు శాలువ కప్పుతం. వద్దన్నవంటె ఊకోను."

"శాలువాలు ఇప్పటికే బీరువా నిండా ఉన్నాయి భాగ్యం, చిమ్మటలు నన్ను తిడుతున్నాయి" అన్నాను.

"గా మాటలే వద్దు. పానం నిలబెట్టిన గొంతు!" అని నా గొంతు కింద చెయ్యి పెట్టి కళ్ళకద్దుకుంది. ఆమె వెళ్ళాక చాలాసేపు ఆ చోటు తుడుచుకున్నాను.

ఇప్పుడు రెండో తప్పు. "నీ గొంతే వాణ్ణి బతికించిందమ్మా" అని రాశావు.

నేను పలకలేదు హారికా.

వినబడక కాదు. బాగా వినబడింది. జరిగినది జరిగినట్టు రాస్తాను, తరువాత ఏమనుకుంటావో నీ ఇష్టం.

పదీ పావు దాటాక మంచు వచ్చింది. రావడం కూడా కాదు, నేల వదిలినట్టు లేచింది. ముందు అడవి పోయింది, తరువాత గొర్రెలు పోయాయి, చివరికి నా చెయ్యి ఆనిన గేటు చల్లదనం మాత్రం మిగిలింది. గొర్రెల అరుపులు కూడా ఎవరో మీట నొక్కినట్టు ఆగిపోయాయి. అప్పుడు ఎడమ పక్క నుంచి మగ జింక అరుపు, చివర చిన్న దగ్గు. మన వెధవ ఇంకా గొట్టం ఊదుతున్నాడు, జింక దొరకలేదన్నమాట, అనుకుని నవ్వుకున్నాను. రెండుసార్లు వినబడింది. వాడు అప్పటికే గొట్టం కొమ్మకు తగిలించి గంట దాటిందని నాకు తెలియదు.

తరువాత కుడి పక్క నుంచి "అమ్మమ్మా" అని వినబడింది. సృజన్ గొంతు. లేచి నిలబడ్డాను. నోరు తెరిచాను. ఆ పిలుపు ఇంకా చెవిలో ఉండగానే ఎడమ పక్క నుంచి మళ్ళీ అరుపు, చివర దగ్గు.

నా మనవడు ఒక్కడే. వాడు ఒకేసారి రెండు చోట్ల ఉండలేడు. ఆ రెండిటిలో ఒకటి వాడు కాదు. ఏది కాదో నాకు తెలియలేదు. ట్రెవర్ మాట ఒక్కటే తల్లో తిరుగుతోంది, పలికిన జింకే దొరుకుతుందని.

మా నాయనమ్మ చెప్పేది, కనబడని చోటు నుంచి ఎవరైనా పిలిస్తే మూడోసారికి గాని పలకొద్దు, అవి రెండుసార్లే పిలవగలవు అని. ఆ మాట నేను క్లాసులో చెప్పి పిల్లల్ని నవ్వించేదాన్ని. రాత్రి నేల చల్లబడితే ధ్వని ఎలా వంగుతుందో బోర్డు మీద బొమ్మ వేసి, ఇదిగో మీ దెయ్యం అని చూపించేదాన్ని. డెబ్బై మూడేళ్ళ మనిషిని, పట్టపగలు పదీ ముప్పావుకి, డిగ్రీలన్నీ వెంటపెట్టుకుని, ఆ గేటు దగ్గర నోరు మూసుకుని మూడో పిలుపు కోసం కూర్చున్నాను.

రెండోసారి పిలిచాడు. ఈసారి గొంతులో భయం ఉంది. అది వాడేనని నా ఒంట్లో ప్రతి ఎముకకూ తెలిసింది. అయినా పలకలేదు. ఇంకొక్కసారి, ఇంకొక్కసారి పిలువురా, పలుకుతాను, అని లోపల లోపలే అనుకుంటున్నాను. చీర చెంగు నోట్లో కుక్కుకున్నాను.

మూడోసారి పిలవలేదు. ఎందుకు పిలవలేదో నీకు తెలుసు. రెండోసారికే ఎవరో పలికారు.

మూడు గంటలు నేను ఒక్క మాట మాట్లాడలేదు. వెళ్ళి ట్రెవర్‌ను పిలుద్దామంటే రెండడుగుల అవతల ఏముందో తెలియదు. ఫోన్ చేద్దామంటే ఆ లోయలో సిగ్నల్ లేదు. కారు హారన్ కొడదామంటే కారు లేదు. వాడి ఈల మన వంటింటి సొరుగులో ఉంది. ఒకదాని తరువాత ఒకటి, వాడు నెగ్గడానికి నేను చేసిన ప్రతి ఏర్పాటూ వాడి చుట్టూ తలుపులు మూసుకుంటూ వచ్చింది.

లెక్క వేయకుండా ఉండలేను, నా సంగతి తెలుసుగా. గాలి వాడి నుంచి నాకు వస్తోంది. గాలికి ఎదురు వెళ్ళే ధ్వని పైకి వంగిపోతుంది. నేను గొంతు చించుకుని పలికినా నాలుగు వందల మీటర్లు దాటి అడవి లోపల ఉన్న వాడికి వినబడేది కాదు. ప్రతిధ్వని అందామా? టోమో నోరు పెద్ద కుండ లాంటిదే, వాడి గొంతునే మార్చి తిరిగి ఇవ్వగలదు. కానీ ప్రతిధ్వని అనని మాట అనదు. వాడు "అమ్మమ్మా" అన్నాడు. తిరిగి వచ్చింది "కూర్చో నాన్నా" అని.

అదీ అసలు సంగతి. వాడు పుట్టి ఇరవై రెండేళ్ళు. వెధవా అన్నాను, దున్నపోతా అన్నాను, పరీక్ష ఫలితాలు వచ్చినప్పుడు ఇంకేవో అన్నాను. నాన్నా అని ఎన్నడైనా అన్నానేమో నువ్వే చెప్పు. అనలేదు. అనాలని చాలాసార్లు అనుకున్నాను, అది వేరే సంగతి. అక్కడ గుంటకు అవతల కూర్చుని వాడితో మూడు గంటలు మాట్లాడిన ఎవరికో ఆ సంగతి కూడా తెలుసు.

దానికి దండం పెట్టాలో, దానికి భయపడాలో నాకు తేలడం లేదు. వాణ్ణి గుంటలో పడకుండా ఆపింది. ఆపాల్సిన మనిషి నోట్లో చెంగు కుక్కుకుని కూర్చుంటే, ఆ పని అది చేసింది. ఆ కృతజ్ఞత నాకుంది. కానీ నిన్న పొద్దున పదింటికి వాడు పెరట్లో బాణాలు వేస్తూ, ఉన్నట్టుండి విల్లు కింద పెట్టి, "వస్తున్నా అమ్మమ్మా" అని కంచె వైపుకి నాలుగు అడుగులు వేశాడు. నేను వంటింట్లో కిటికీ దగ్గర ఉన్నాను. నేను పిలవలేదు. కంచె దగ్గర ఆగి, అటూ ఇటూ చూసి, కిటికీలో నన్ను చూసి తెల్లబోయాడు.

"నువ్వు అక్కడున్నావా?"

"ఇక్కడే ఉన్నా. ఎవర్రా పిలిచింది?"

"నువ్వే కదా?" అని నవ్వేసి మళ్ళీ విల్లు తీసుకున్నాడు. నేను నవ్వలేదు.

అందుకే ఈ ఉత్తరం. ఆ గొంతు నాదే అని వాడు నమ్మినంత కాలం అది ఎటు పిలిస్తే అటు వెళ్తాడు. ఒకసారి కూర్చోమంది సరే, ఇంకోసారి రమ్మంటే? వాడికి నిజం చెప్పాలి. అమ్మమ్మ నీకు పలకలేదురా, భయపడింది, అని చెప్పాలి. దేవుడి మీద ప్రమాణం, పదకొండు రోజులుగా రోజూ పొద్దున చెప్పాలనుకుంటున్నాను. కంచంలో దోసె వేసి ఊరుకుంటున్నాను. ఇంత వయసులో ఒకరి కళ్ళల్లో పెద్దగా కనబడ్డాక చిన్నదాన్ని కావడం ఎంత కష్టమో నీకు ఇంకా తెలియదు. వట్టి చేతుల్తో చెప్పే ధైర్యం నాకు లేదు. చేతికి ఒకటి ఇచ్చి చెప్తాను.

దానికి నీ సాయం కావాలి. మీ దీవిలో రేవు దగ్గర పడవలవాళ్ళ దుకాణం ఉందని రాశావు. అక్కడ లైఫ్ జాకెట్లకు కట్టే ఈలలు ఉంటాయి. ఇక్కడి వేట దుకాణంలోనూ దొరుకుతాయి గానీ, అక్కడ కౌంటర్లో ఉండేది సృజన్ స్నేహితుడే, నేను గుమ్మం దిగేలోపు వాడికి తెలిసిపోతుంది. సొరుగులోని పాతది వాడితో అడవికి పంపడానికి మనసు ఒప్పడం లేదు. రెండు కొను. లోపల గింజ ఉన్నవి వద్దు, తడిస్తే మూగబోతాయి. రెండూ ఒకే స్వరం కాకూడదు. ఒకటి సన్నగా, ఒకటి కొంచెం బొంగురుగా ఉండేలా దుకాణంలోనే ఊది చూసి తీసుకో, వాళ్ళు ఏమనుకున్నా ఫరవాలేదు. సన్నది వాడికి, బొంగురుది నాకు. సంచి పట్టీకి టిక్కుమనకుండా గుడ్డ చుట్టి కుట్టే పూచీ నాది. వాడు మూడుసార్లు ఊదాలి, నేను మూడుసార్లు ఊదాలి, ఇంకే గొంతు ఏమన్నా వాడు కదలకూడదు. వీటితో పాటు బీకన్‌కు కొత్త బ్యాటరీ సంగతి నేనే రేపు చూస్తాను.

నెలాఖరు శనివారానికి ముందు చేరాలి కాబట్టి ఈ వారం విమానానికే పంపు. కవరు మీద నా పేరు రాయి, వాడి పేరు వద్దు. దుకాణంవాడు మూడు కలిపి ఒకే ప్యాకెట్ అంటాడేమో. విప్పించి రెండే తీసుకో. మూడోది మన ఇంటికి రాకూడదు.

ఇట్లు,
ఈసారి మొదటి పిలుపుకే పలకబోయే
మీ అమ్మ